కమోడోర్ 64 ధ్వనిలో రొద
కమోడోర్ 64 అనేది 1982లో విడుదలైన గృహ కంప్యూటరు. ఇందులో ధ్వనిని పుట్టించే చిప్పు పేరు సిడ్. దీనిని రాబర్ట్ యానెస్ రూపొందించాడు. పాత యంత్రాలలో సంగీతంతో పాటు రొద వినిపించడానికి పలు కారణాలున్నాయి.

కారణాలు, నివారణ

చిప్పు 26వ కాలు బయటి ధ్వనికి ప్రవేశ మార్గం. దానికి ఏదీ తగిలించనప్పుడు అది పరిసరాలలోని విద్యుత్ రొదను గ్రహిస్తుంది. ఆడియో-వీడియో సాకెట్టులోని 5వ పిన్నును 2వ పిన్నుకు, అనగా గ్రౌండుకు, కలిపితే ఈ రొద తగ్గుతుంది. ఎండిపోయిన ఎలెక్ట్రోలైటిక్ కెపాసిటర్ల వలన గుంయిమనే శబ్దం వస్తే వాటిని మార్చవలెను. 6581 రకపు చిప్పులో మాత్రం కొంత రొద సహజమే.

జాగ్రత్తలు

మరమ్మత్తుకు ముందే పవర్ సప్లైలోని 5 వోల్టులను కొలిచి చూడవలెను. పాతబడిన సప్లైలో అది పెరిగి చిప్పులను నాశనం చేయగలదు. 6581 చిప్పుకు 12 వోల్టులు, 8580 చిప్పుకు 9 వోల్టులు అవసరం. 8580ని 12 వోల్టుల బోర్డులో అమర్చరాదు. ఈ చిప్పుల తయారీ ఏనాడో ఆగిపోయింది.