నాలుగు వేల బోర్లు, ఒక కోనేరు

మాది మహానంది. మా కోనేటి నీళ్లలో అడుగున పడ్డ రూపాయి బిళ్ల కూడా కనిపిస్తుంది. నల్లమల నుంచి వచ్చే ఆ ఊట ఏడాదంతా ఆగదు. మా అరటి తోటలకూ అదే దిక్కు.

2019లో కొత్తగా సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరా. అప్పుడే ఫోన్లో ‘సేవ్ నల్లమల’ మోత మోగింది. తెలంగాణ వైపు అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో, 83 చదరపు కిలోమీటర్లలో, యురేనియం కోసం 4,000 బోర్లు వేయాలన్నది ప్రతిపాదన. తవ్వకం కాదుగా, టెస్టింగేగా అనుకుని షేర్ కొట్టి వదిలేశా.

కానీ బోరు వేయాలంటే రిగ్గు రావాలి. రిగ్గుకు దారి కావాలి. దారికి చెట్లు కొట్టాలి. ఆ చప్పుడుకి పులి ఉంటుందా? చెంచులు ఎక్కడికి పోవాలి? అలాస్కాలో చమురు అన్వేషణపై గొడవా ఇలాంటిదే. అక్కడ మంచు గుహలో పిల్లల్ని పెట్టుకున్న ధ్రువపు ఎలుగుబంటికి ఆ యంత్రాలతోనే ముప్పు.

అదే ఏడాది మా ఆళ్లగడ్డ వైపూ యురేనియం అన్వేషణపై ఆందోళన రేగింది. అవ్వ ఫోన్ చేసింది. “కొండలో బోర్లేస్తే మన కోనేరు ఏం గావాల నాయనా?”

నా దగ్గర జవాబు లేదు. కడప జిల్లా తుమ్మలపల్లె గని చుట్టుపక్కల రైతులు బోరు నీళ్లు పాడయ్యాయని ఏళ్లుగా మొత్తుకుంటున్నారు.

2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని తీర్మానించింది. ట్రెండింగ్ ఆగింది. యురేనియం మాత్రం రాళ్లలోనే ఉంది. మళ్లీ ఎవరైనా ‘టెస్టింగే’ అంటే షేర్ కొట్టి ఊరుకోకండి. ఎన్ని బోర్లు, ఎక్కడ, ఏ గ్రామసభ ఒప్పుకుంది? ఈ మూడూ అడగండి. ఈసారి నేనూ అడుగుతా.