కొమ్మల అణువులో కాంతిశక్తి పయనము

వర్షాకాలమున చెరువు ఎట్లు నిండునో మనమందరము ఎరిగినదే. చుట్టునున్న మెరకలపై కురిసిన వాన పిల్లకాలువలై, వాగులై వచ్చి చెరువును చేరును. ఇందుకు వాగులకు కొమ్మలుండిన చాలదు. నేలకు వాలును ఉండవలెను. అణువులలో కాంతిశక్తి పయనించు తీరును దీనిని పోలియే యున్నది.

సామాన్యముగా పాలిమరు అణువు పొడవైన గొలుసు వంటిది. అణువునకు అంచెలంచెలుగా కొమ్మలు తొడుగు పద్ధతిని 1978లో జర్మనీలో ఫ్రిట్జ్ ఫోగ్ట్‌లె బృందము ప్రకటించినది. 1985లో అమెరికాలో డొనాల్డ్ టొమాలియా బృందము ఇట్టి పెద్ద అణువులను తయారుచేసి, వానిని 'డెండ్రిమరు'లని పిలిచినది. గ్రీకు భాషలో 'డెండ్రాన్' అనగా చెట్టు. నడుమనుండి మూడు కొమ్మలు బయలుదేరి, ప్రతి కొమ్మయు రెండేసిగా చీలుచు పోయినచో, వాని సంఖ్య వరుసగా 3, 6, 12, 24, 48 అగును. భాగము మొత్తమును పోలియుండు ఇట్టి ఆకృతులకు 1975లో బెన్వా మాండెల్‌బ్రాట్ 'ఫ్రాక్టల్' అను పేరు పెట్టెను.

కొమ్మలు హెచ్చినకొలది అణువు ఎక్కువ కాంతిని పట్టుకొనగలదు. కాని కొనకొమ్మ పట్టిన శక్తి నడిమికి చేరుటెట్లు? ఇక్కడ పరమాణువులు తావు మారవు. నీళ్ల బిందెను చేతినుండి చేతికి అందించినట్లు, ఒక భాగము తన శక్తిని ప్రక్క భాగమునకు అందించును. ప్రతి కూడలిలోను లోపలికి దారి ఒకటే, వెలుపలికి రెండు. దారులన్నియు సమానమైనచో, లోపలికి పోవు అవకాశము మూడింట ఒకటి. నాలుగు కూడళ్లలోను తప్పక లోపలికే పోవు అవకాశము 81లో 1 మాత్రమే! వ్యవధి కూడ స్వల్పమే. సెకనులో వందకోట్లవ వంతులు కొన్ని గడచులోపల ఆ శక్తి తిరిగి కాంతిగనో, వేడిమిగనో వెలువడిపోవును. అనగా కొమ్మలు కాంతిని పట్టుటకు తోడ్పడినను, దానిని నడిమికి చేర్చుటకు అడ్డగుచున్నవి.

1990 దశకమున జెఫ్రీ మూర్, రౌల్ కోపెల్మన్ అను అమెరికా శాస్త్రజ్ఞులు ఈ చిక్కు విడిపోవు ఉపాయము చూపిరి. బెంజీను వలయములను, ఎసిటిలీను బంధములను కూర్చి, వెలుపలి కొమ్మలను పొట్టిగను, లోపలి కొమ్మలను క్రమముగా పొడవుగను నిర్మించిరి. ఒంటి బంధములు, బహుబంధములు ఒకటి విడిచి ఒకటిగా నున్న గొలుసు పొడవైనకొలది, దానిని ఉత్తేజపరచుటకు తక్కువ శక్తి చాలును. కావున లోపలికి పోవుట పల్లమునకు దిగుట వంటిది. వెనుకకు పోవుట మెరక నెక్కుట వంటిది. నడుమ పెరిలీను అను పదార్థమును అమర్చినప్పుడు, కొమ్మలు పట్టిన శక్తిలో నూటికి దాదాపు 98 పాళ్లు దానికి చేరినట్లు కనుగొనిరి.

ఈ వాలు ఊరక రాదు. ప్రతి మెట్టు దిగునప్పుడును కొంత శక్తి వేడిమిగా పోవును. ప్రకృతియు ఈ వెల చెల్లించుచునే యున్నది. కిరణజన్య సంయోగక్రియ జరుపు ఊదా బాక్టీరియాలలో వెలుపలి వలయములు 800, 850 నానోమీటర్ల కాంతిని పట్టును. లోపలి వలయము సుమారు 875 నానోమీటర్ల కాంతిని పట్టును. తరంగ దైర్ఘ్యము పెరిగినకొలది శక్తి తగ్గునని విద్యార్థులకు తెలిసినదే.

తరగతిలో దీనిని పాచికతో పరీక్షింపవచ్చును. నల్లబల్లపై ఐదు అంచెల కొమ్మలచెట్టు గీసి, నాలుగవ అంచెనుండి ఆట మొదలిడుడు. 1 గాని 2 గాని పడిన లోపలికి, తక్కినవి పడిన వెలుపలికి నడువవలెను. కొన చేరినచో, తరువాతి వేటుకు ఒక అంచె లోనికి రావలెను. పన్నెండు వేట్లలో ఎందరు నడిమికి చేరిరో లెక్కింపుడు. పిమ్మట 1 నుండి 5 వరకు ఏది పడినను లోపలికే నడువవలెనని నియమము మార్చి, మరల ఆడి, రెండు లెక్కలను ప్రక్కప్రక్కన వ్రాయుడు.