ఫోన్‌తో ఊరి మ్యాప్: ప్రశ్నలు ఎవరు రాయాలి?

ఈరోజు కోబో టూల్‌బాక్స్ గురించి మాట్లాడుకుందాం, దాంతో నేను చేసిన తప్పుతో సహా.

కోబో అంటే సర్వే ఫారాలు తయారుచేసే సాఫ్ట్‌వేర్. కంప్యూటర్‌లో ప్రశ్నలు రాసుకుంటే అవి ఫోన్‌లో ఉన్న కోబోకలెక్ట్ యాప్‌లోకి వస్తాయి. సిగ్నల్ లేకపోయినా పని ఆగదు. జవాబు, ఫోటో, మనం నిలబడ్డ చోటి జీపీఎస్ పాయింట్ ఫోన్‌లోనే దాచుకుని, నెట్ దొరికాక సర్వర్‌కి పంపిస్తుంది. అవన్నీ మ్యాప్ మీద చుక్కలుగా కనిపిస్తాయి. కోడింగ్ అక్కర్లేదు.

పోయిన వేసవిలో మా అమ్మమ్మ వాళ్ళ ఊరికి నీళ్ళ మ్యాప్ చేద్దామనుకున్నా. మార్కాపురం వైపు. ఎండాకాలం వస్తే ట్యాంకర్ కోసం బిందెలు వరసలో పెట్టే ఊరు. రాత్రి కూర్చుని ఫారం రాసేశా: "మీ వీధిలో కుళాయి ఉందా?" ఉంటే ఆకుపచ్చ చుక్క, లేకపోతే ఎరుపు. ఇద్దరు ఇంటర్ పిల్లలు తోడొచ్చారు. రెండు రోజులు ఊరంతా తిరిగాం. చూస్తే మ్యాప్ మొత్తం ఆకుపచ్చే!

అరుగు మీద కూర్చున్న ఒక అవ్వకి గొప్పగా చూపించా. "కుళాయి ఉంది నాయనా, నీళ్ళే రావు. నువ్వడిగింది కుళాయి సంగతే కదా" అంది.

ఆ మ్యాప్ తీసుకెళ్ళి పంచాయతీలో ఇచ్చుంటే ఏమయ్యేది? "వీధివీధికీ కుళాయి ఉందిగా, ఇంక ట్యాంకర్ ఎందుకు" అనడానికి నేనే కాగితం ఇచ్చినట్టు అయ్యేది. తమాషా ఏంటంటే, అందులో ఒక్క జవాబు కూడా అబద్ధం కాదు.

మర్నాడు అదే అరుగు మీద నలుగురు ఆడవాళ్ళతో కూర్చున్నా. ప్రశ్నలు వాళ్ళే చెప్పారు. ఎన్ని రోజులకోసారి వస్తాయి? వచ్చినప్పుడు ఎన్ని బిందెలు నిండుతాయి? మెరక వీధికి ఎక్కుతాయా? పైపు చివర ఎవరి ఇల్లుంది? ఈ చివరిది నాకు జన్మలో తట్టేది కాదు.

ఇంకో తప్పు: అన్ని ప్రశ్నలకీ "తప్పనిసరి" పెట్టేశా. జవాబు తెలియకపోతే ఫారం ముందుకు కదలదు, దాంతో పిల్లలు ఏదో ఒకటి నొక్కేశారు. "తెలియదు" అనే ఆప్షన్ తప్పకుండా పెట్టండి.

ఇది కొత్త విషయమేం కాదు. నైరోబీలో కిబేరా అని పెద్ద మురికివాడ ఉంది. లక్షల్లో జనం ఉన్నా మామూలు మ్యాపుల్లో ఖాళీ జాగాలా కనిపించేది. 2009లో అక్కడి కుర్రాళ్ళే, అమ్మాయిలూ అబ్బాయిలూ, జీపీఎస్ పట్టుకుని సందులన్నీ తిరిగి ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లోకి ఎక్కించారు. తర్వాత ఆ మ్యాపులు ప్రింట్ తీసి స్థానికుల ముందు పరిచి, తప్పులు వాళ్ళ చేతే దిద్దించారు. నాకు నచ్చింది ఆ ప్రింట్ ముక్కే. ఫోన్ మనం జేబులో వేసుకుని వెళ్ళిపోతాం, కాగితం అక్కడే ఉంటుంది.

ఒక జాగ్రత్త. కుళాయిలు, బోర్లు అందరికీ కనిపించే మ్యాప్‌లో పెట్టొచ్చు. ఏ ఇంట్లో ఏ ఇబ్బంది ఉందో మాత్రం పెట్టకూడదు. పేర్లు, ఫోన్ నంబర్లు నేను అసలు అడగలేదు. ఇళ్ళ పాయింట్లు తీసేసి వీధి లెక్కనే చూపించా.

రెండో మ్యాప్‌ని ప్రింట్ తీసి రేషన్ షాపు గోడకి అంటించాం, పక్కనే దారంతో ఒక పెన్ను వేలాడదీశాం. సాయంత్రానికి తొమ్మిది దిద్దుబాట్లు. "ఈ బోరు ఎండిపోయి రెండేళ్ళయింది" అని ఒకరు రాశారు. అవ్వకి చదువు రాదు, మనవడితో మెరక వీధి చుట్టూ సున్నా చుట్టించింది.

ఆ మ్యాపే ఫోటో తీసి పంచాయతీలో ఇచ్చాం.