పొరుగూరిలో కోటా బియ్యము

నర్సీపట్నము చుట్టుప్రక్కల గ్రామములనుండి కూలిపనులకై హైదరాబాదునకు పోవు కుటుంబములు కలవు. అట్టి యింటి బాలుడొకడు మా తరగతిలో, "మాష్టారూ, మా నాయన కక్కడ కోటా బియ్యమిత్తురా?" యని యడిగెను. తల్లిదండ్రులకుకూడ నుపయోగించుననియే ప్రత్యుత్తరము నిచ్చట వ్రాయుచున్నాము.

మన రాష్ట్రమున 1983లో కిలో రెండు రూపాయల బియ్యపు పథకము వచ్చినది. అయితే కార్డు ఏ దుకాణమునకు చెందునో యా దుకాణముననే బియ్యము దొరకెడిది. మనిషి పొరుగూరను, కార్డు ఇంటి పెట్టెలోను నుండెడివి. ఇది మన దేశపు వింత కాదు. ఇంగ్లండులో 1662వ సంవత్సరపు శాసనముచే, బీదవాని పోషణభారము అతని స్వంత పారిషుదే గనుక, క్రొత్తగా వచ్చినవానిని పారిషువారు వెనుకకు పంపివేయవచ్చును. నేటి ఐరోపా యూనియనులోనన్ననో, 2004నుండి ఆరోగ్యబీమా కార్డు చూపినవారికి, తాత్కాలికముగ పోయిన దేశమందును అచ్చటివారితో సమానముగ అవసరమగు చికిత్స చేయుదురు.

మనకు 2013వ సంవత్సరపు ఆహారభద్రతా చట్టము కలదు. దానిచే ప్రాధాన్యకుటుంబములలో మనిషికి నెలకు 5 కిలోలును, అంత్యోదయ కుటుంబమునకు 35 కిలోలును ధాన్యము లభించును. 2019 ఆగస్టులో ఆంధ్ర, తెలంగాణములు ఒక జంటగను, గుజరాతు, మహారాష్ట్రములు మరియొక జంటగను ఒకరి కార్డుపై నొకరు ధాన్యమిచ్చుట కారంభించెను. 2022 జూను నాటికి దేశమంతయు నిందు చేరెను. కావున బాలుని ప్రశ్నకు "ఇత్తు" రనియే మా జవాబు.

కాని చిక్కులు లేకపోలేదు. మన రాష్ట్రములోని కార్డులన్నియు నీ చట్టము క్రిందివి కావు; రాష్ట్రప్రభుత్వము తన ఖర్చుతో నిచ్చు కార్డులు పొరుగు రాష్ట్రమున చెల్లవు. పంచదార, కందిపప్పు వంటి రాష్ట్రపు అదనపు సరకులును వెంటరావు. మరియొకటి: తండ్రి అచ్చట కొంత తీసికొనినచో, మిగిలినదే యిచ్చట తల్లి తీసికొనగలదు. ఇద్దరును ముందుగ మాటాడుకొననిచో ఇంటిలో పొయ్యి వెలుగదు.

కార్డు వెంట నుండనక్కరలేదు. దాని సంఖ్యగాని ఆధారు సంఖ్యగాని చెప్పి, యంత్రముపై వేలిముద్ర వేసిన చాలును. అయితే ఆ మనిషి ఆధారు కార్డుతో ముందే జతపడి యుండవలెను. పలుగు పట్టు చేతుల వేలిముద్రలు అరిగి యంత్రమున కందకపోవుట మేమెరుగుదుము; బయలుదేరుటకు ముందు మన యూరి దుకాణముననే సరిచూచుకొనుట మేలు.

ఆ బాలునిచేత కార్డు సంఖ్య నొక కాగితముపై వ్రాయించి, తండ్రికి పంపుమని చెప్పితిమి.