ఒక్కో ప్లేటే, సార్!

కాకినాడ నుంచి సేదరపేట్‌కు బదిలీ అయినప్పుడు మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరంలోకి వచ్చింది. చదువు మధ్యలో కదపడం ఇష్టంలేక శ్రీమతిని, అమ్మాయిని అక్కడే ఉంచి నేనొక్కడినే వచ్చాను. మన బ్యాంకు కుటుంబాలకు ఇది కొత్త కథేమీ కాదు.

సేదరపేట్ పుదుచ్చేరిలోని పారిశ్రామికవాడ. రాత్రి భోజనానికి బద్ధకించిన రోజు నాకు రోడ్డు పక్క నూడుల్స్ బండే దిక్కు. అమ్మాయితో రోజూ ఫోనులో మాట్లాడేవాణ్ణి. ‘చదివావా? తిన్నావా?’ అని నేను, ‘ఊఁ’ అని తను. అంతటితో సరి.

దసరా సెలవులకు ఇద్దరూ వచ్చారు. ‘ఆ బండి నూడుల్స్ నువ్వే చేసి పెట్టు నాన్నా’ అంది అమ్మాయి. ముగ్గురికీ సరిపడా ఒకేసారి మూకుడులో వేశాను. ముద్ద అయింది. ‘ఇది నూడుల్స్ ఉప్మా’ అని ఇద్దరూ ఒకటే నవ్వు.

మర్నాడు బండి అతణ్ణి కారణం అడిగాను. ‘ఒక్కో ప్లేటే, సార్. ఎక్కువ వేస్తే ఉడుకుతుంది, వేగదు’ అన్నాడు తమిళంలో. ఇంటికొచ్చి చెబితే అమ్మాయి ఫిజిక్స్ పాఠం అందుకుంది. నీరు ఆవిరయ్యేదాకా గిన్నెలో వేడి 100 డిగ్రీలు దాటదట. కమ్మటి వేపుడు వాసన రావాలంటే అంతకంటే బాగా ఎక్కువ వేడి కావాలి. కూరలు, నూడుల్స్ కుప్పగా పోస్తే వాటి తడే మూకుణ్ణి చల్లబరుస్తుంది. కౌంటరు దగ్గర అందరూ ఒక్కసారి ఎగబడితే ఏ పనీ కానట్టే!

‘చౌమీన్’ అనే చైనా మాటకు అర్థమే వేయించిన నూడుల్స్. మన దుకాణాల్లో దొరికే ‘హక్కా నూడుల్స్’ పేరు కలకత్తాలో స్థిరపడిన హక్కా చైనీయుల నుంచి వచ్చింది.

కావలసినవి (ఇద్దరికి): హక్కా నూడుల్స్ 150 గ్రాములు, సన్నగా పొడవుగా తరిగిన క్యాబేజీ ఒక కప్పు, క్యారెట్ 1, క్యాప్సికం 1, ఉల్లికాడలు 4, వెల్లుల్లి 6 రెబ్బలు, పచ్చిమిర్చి 2, సోయా సాస్ 2 చెంచాలు, వెనిగర్ 1 చెంచా, మిరియాల పొడి అర చెంచా, నూనె, ఉప్పు.

చేసే విధానం: లీటరున్నర నీళ్లు మరిగించి కొంచెం ఉప్పు వేసి నూడుల్స్ ఉడికించాలి. ప్యాకెట్ మీద చెప్పినదానికంటే ఒక నిమిషం ముందే దించాలి. తుంచి చూస్తే మధ్యలో సన్నని పలుకు కనిపించాలి. వార్చి, చన్నీళ్లతో కడిగి, చెంచాడు నూనె పట్టించి, పళ్లెంలో పరిచి 20 నిమిషాలు ఆరనివ్వాలి. ఈ ఆరబెట్టడమే అసలు కిటుకు.

కూరలన్నీ ముందే తరిగి పక్కన పెట్టుకోండి. పొయ్యి వెలిగించాక తరిగే తీరిక ఉండదు. ఇనుప మూకుడు పెద్ద మంట మీద బాగా కాగాక నూనె, వెల్లుల్లి, పచ్చిమిర్చి వేయాలి. నాన్‌స్టిక్ గిన్నెను ఇలా కాల్చకూడదు. వెల్లుల్లి మాడకముందే సగం కూరలు వేసి రెండు నిమిషాలు కరకరలాడేలా వేయించాలి. సగం నూడుల్స్ వేసి, సాస్ సగం మూకుడు అంచుల వెంబడి పోసి, రెండు గరిటెలతో ఎగరేయాలి. వెనిగర్, మిరియాల పొడి, ఉల్లికాడలు చల్లి దించాలి. రెండో ప్లేటుకు మళ్లీ మొదటి నుంచి. సాస్‌లోనే ఉప్పు ఎక్కువ. రుచి చూశాకే ఉప్పు వేయండి. బీపీ ఉన్నవారు సాస్ కూడా తగ్గించుకోవాలి.

ఆ రాత్రి మొదటి ప్లేటు శ్రీమతికి పెట్టాం. రెండోది అమ్మాయికి అని మొదలుపెడితే తను గరిటె పట్టుకుని నా పక్కనే నిలబడింది. వేయిస్తూ వేయిస్తూ, లెక్కల పరీక్షల్లో రెండుసార్లు మార్కులు బాగా తగ్గాయని, కోప్పడతానని ఫోనులో చెప్పలేదని మెల్లగా చెప్పింది. కోప్పడదామన్నా నా రెండు చేతులూ మూకుడు మీదే ఉన్నాయి. ‘ఏ చాప్టర్లు?’ అని మాత్రం అడిగాను. మూడో ప్లేటు దిగేసరికి ఏ రోజు ఏది చదవాలో ఒక లెక్కకు వచ్చాం.

ఇప్పుడు ఆదివారం రాత్రి వీడియో కాల్ పెట్టుకుని తనక్కడ, నేనిక్కడ నూడుల్స్ వేయిస్తాం. ‘చదివావా?’ అని నేను ముందుగా అడగడం లేదు. తనే చెబుతోంది.