పొడిచే ఎద్దు ఎవరిది?

గూడూరు నుండి చిల్లకూరు మీదుగా కోట వైపు పోయే దారిలో తెల్లవారుజామున నడిచిన వారికి ఆ శబ్దము గురించి చెప్పనక్కరలేదు. బండి కనిపించక ముందే నేల అదురుతుంది. వెనుక నుండి గాలి హారను మోగుతుంది. తిరిగి చూసేలోగా టిప్పరు భుజము పక్కగా దూసుకుపోతుంది. కంట్లో ఇసుక, నోట్లో ఇసుక.

యెజ్రెయేలు గోపురము మీద కావలివాడు దూరాన వస్తున్న రథపు వేగము చూచి, అది యెహూ తోలకమేనని గుర్తుపట్టిన సంగతి రెండవ రాజుల గ్రంథము 9వ అధ్యాయములో ఉన్నది. మన ఊళ్లలో చిన్న బిడ్డలు సైతము హారను విని ఏ బండి వస్తున్నదో చెప్పగలరు. అయితే యెహూకు ఎదురు వెళ్లినవారు గుఱ్ఱపు రౌతులు. ఇక్కడ ఎదురు వచ్చేది సైకిలు మీద బడికి పోయే ఆడపిల్ల.

ఇన్ని బండ్లు ఎందుకు తిరుగుతున్నాయో మనకు తెలియనిది కాదు. చిల్లకూరు, కోట మండలాల తీరములోని తెల్లని సిలికా ఇసుక గాజు ఫ్యాక్టరీలకు పోవాలి. గూడూరు నిమ్మకాయలు వాడిపోక ముందే ఉత్తరాదికి చేరాలి. 2008లో కృష్ణపట్నము పోర్టు తెరచినప్పటి నుండి ఆ సరుకు కూడా కలిసింది. ఈ బండ్ల వలన బ్రదికే కుటుంబాలు మన సంఘాలలోనే ఉన్నాయి. కాబట్టి లారీలే వద్దనుట మా ఉద్దేశము కాదు.

గత వేసవిలో బుధవారపు ప్రార్థన కూడిక ముగించుకొని మా సంఘములోని ఒక తల్లి కొడుకుతో మోపెడ్ మీద ఇంటికి పోతున్నది. మలుపులో ఏదో టిప్పరు నుండి జారిన ఇసుక పరచుకొని ఉన్నది. ఎదురుగా మరొక బండి, దాని లైట్లు రెండూ పైకెత్తి ఉన్నాయి. కళ్లు మూసుకుపోయి ఆ అబ్బాయి బ్రేకు వేశాడు. బండి జారింది. ఆమె కుడి చెయ్యి రెండు చోట్ల విరిగింది. ఎదురు వచ్చిన లారీ ఆగలేదు. ఆగవలసినంత పని జరిగినదని ఆ డ్రైవరు గమనించాడో లేదో.

ఆ రాత్రి ఆసుపత్రి వరండాలో మేము చేసినది ప్రార్థనా, శాపమా అని ఇప్పటికీ సందేహము.

తరువాతి వారములో మా సంఘపు కుఱ్ఱవాడినే, టిప్పరు తోలేవాడిని, పట్టుకొని అడిగాము. "ఏంది నాయనా, మనుషులు కనపడరా మీకు?" అన్నాము. వాడు తల వంచుకొని, "నిజంగానే కనపడరు అయ్యగారూ" అన్నాడు. ఎత్తున కూర్చున్నవానికి బండి ముక్కు కిందా, ఎడమ పక్కా ఉన్న మోపెడ్ కనిపించదట. "ట్రిప్పుకింత అని లెక్క. తక్కువ తిరిగితే రేపు బండి ఇంకొకడి చేతికి పోతాది. లోడు ఎంత పొయ్యాలో చెప్పేది నేను కాదు. నా మాట ఎవురు ఇంటారు?"

ఈ లోడు సంగతి కొంచెము వివరముగా చెప్పుకోవాలి. పది టైర్ల బండి తన సొంత బరువుతో కలిపి 25 టన్నులు మించరాదని ముందు ఉండేది. 2018లో దానిని 28.5 టన్నులకు పెంచారు. దానిమీద కూడా పోస్తే బ్రేకు వేసిన చోట బండి నిలువదు. రోడ్డు సంగతి ఇంకా ఘోరము. అమెరికాలో 1958 నుండి 1960 వరకు లారీలను పదేపదే తిప్పి చేసిన పరీక్షలలో, ఇరుసు మీద బరువు రెట్టింపైతే రోడ్డుకు కలిగే నష్టము సుమారు 16 రెట్లని తేలింది. మన రోడ్లు వేసిన ఏడాదికే ఎందుకు గుంటలు పడుతున్నాయో వేరే వెదకనక్కరలేదు. ఆ గుంట తప్పించబోయి మన పక్కకు వచ్చేది ఆ లారీయే.

ఆ కుఱ్ఱవాని మాటలు విన్న తరువాత నిర్గమకాండము 21వ అధ్యాయము మాకు కొత్తగా కనిపించింది. ఎద్దు మనిషిని పొడిచి చంపితే ఎద్దును చంపాలి, యజమాని నిర్దోషి. కాని ఆ ఎద్దుకు పొడిచే అలవాటు ఉన్నదని ముందే చెప్పినా యజమాని దానిని కట్టివేయకపోతే, దోషము అతని మీదికి కూడా వస్తుంది. మన మోటారు వాహనముల చట్టములోని 194వ సెక్షనూ దాదాపు ఇదే దారిలో నడుస్తున్నది. అధిక లోడుతో తోలినవానినే కాక, తోలించినవానిని, తోలనిచ్చినవానిని కూడా అది పట్టుకుంటుంది. 2019 సవరణ తరువాత జరిమానా 20,000 రూపాయలు, ఎక్కువైన ప్రతి టన్నుకు మరి 2,000.

తోలించినవారు ఎవరు? ఇక్కడ మా నోరు పడిపోయింది. మా మందిరపు అరుగు నింపడానికి గ్రావెలు, గోడలకు ఇసుక ఎలా వచ్చాయి? రాత్రివేళ, పట్టా కప్పకుండా, పైకి గోపురములా పోసుకొని. ఒక ట్రిప్పు డబ్బుతో ఒకటిన్నర ట్రిప్పు సరుకు దొరికిందని పెద్దలు సంతోషించారు. మేమూ సంతోషించాము. దేవుడు సమకూర్చాడని సాక్ష్యము కూడా చెప్పాము! సభలకు పోయేటప్పుడు ట్రాక్టరు ట్రాలీలో స్త్రీలను, పిల్లలను కిక్కిరిసి ఎక్కించి, వెనుక ఎఱ్ఱ లైటైనా లేకుండా పాటలు పాడుకుంటూ రాత్రి తిరిగి వచ్చినదీ మనమే.

ఒక మాట పాఠకులకు పనికివస్తుందని చెబుతున్నాము. గుద్ది ఆపకుండా పోయిన బండి ఏదో తెలియకపోయినా, 2022 ఏప్రిల్ 1 నుండి చనిపోయినవారి కుటుంబానికి 2 లక్షలు, తీవ్రముగా గాయపడినవారికి 50,000 రూపాయలు పరిహారము ఉన్నది. ఆర్డీఓ ఆఫీసులో గాని తహసీల్దారు ఆఫీసులో గాని విచారించండి. దారిలో పడి ఉన్నవారిని ఆసుపత్రికి చేర్చినవారు తమ పేరు చెప్పి తీరాలన్న నిర్బంధము లేదు. పోలీసులంటే భయపడి తప్పుకొని పోనక్కరలేదు.

మందిరపు పిట్టగోడ పని ఇంకా మిగిలి ఉన్నది. ఇక మీద ఇసుక పగటిపూట, తొట్టి అంచుకు మించకుండా, పట్టా కప్పి రావాలని పెద్దల కమిటీలో తీర్మానము చేశాము. మేస్త్రీ లెక్క వేసి రెండు ట్రిప్పులు ఎక్కువ పడతాయన్నాడు. ఒక పెద్ద లేచి, ఊరంతా అలాగే తోలిస్తుంటే మనకొక్కరికే ఎందుకీ ఖర్చు అని అడిగాడు. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరకు ప్రత్యేక కానుక పట్టుదామన్నారు. ఆదివారము ఆ తల్లి కూడా వచ్చింది. కుడి చెయ్యి ఇంకా పైకి లేవదు. ఎడమ చేత్తోనే కొంగు ముడి విప్పుకొని కానుక వేసింది.