మందులకు లొంగని క్రిములు

నల్లకుంటలోని జ్వరముల ఆసుపత్రిని నగరవాసులు నేటికిని కోరంటి దవాఖానా యందురు. అంటురోగులను వేరుగా నుంచుటను తెలుపు ‘క్వారంటైను’ అను మాటయే జనుల నోట కోరంటి యైనది. 1897లో సికింద్రాబాదునందు దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనుగొనిన సర్ రొనాల్డ్ రాస్ పేరు ఈ వైద్యశాలకు పెట్టబడినది. వానకాలమున వాంతులతో, విరేచనములతో సొమ్మసిల్లిన బిడ్డలను ఎత్తుకొని తల్లిదండ్రు లిచ్చటికి వత్తురు. అట్టి వేళ ఎవరైనను మొదట కోరునది విరేచనములను వెంటనే కట్టించు మాత్ర. ఆ కోరిక యందలి అపాయమును ఇచ్చట వివరింతుము.

విరేచనము లన్నియు ఒకే కారణమున కలుగవు. పసిబిడ్డలకు వచ్చు తీవ్రమైన నీళ్లవిరేచనములకు రోటా వైరస్సు ఒక ముఖ్యకారణము. యాంటిబయాటిక్కులు బాక్టీరియాను చంపునే కాని వైరస్సును చంపజాలవు. నెత్తురు, జిగట పడునపుడు తరచుగా షిగెల్లా యను బాక్టీరియా కారణమగును. దీనిని జపాను శాస్త్రజ్ఞుడు కియోషీ షిగా కనుగొనెను. ఈ వ్యాధికి వైద్యుడు నిర్ణయించిన యాంటిబయాటిక్కు ప్రాణరక్షకమే. అయితే ఆ మందులు క్రమముగా పని చేయకుండ పోవుచున్నవి.

ఇందుకు కారణ మేమి? ప్రేగులలో నుండు ఈ.కోలై బాక్టీరియా అనుకూలమైన చోట 20 నిమిషములకే ఒకటి రెండగును. ఆ లెక్కను ఏడు గంటలలో ఒక్కటియే 20 లక్షలను దాటును. అన్నింటిలో ఏ యొక్కదానికో మందును ఓర్చుకొను గుణము కలుగవచ్చును. మందు వేయగానే తక్కినవి చచ్చును. అది మాత్రము మిగిలి, ఆ చోటంతయు తన సంతతితో నింపును. పైరు పీకి తుంగను మిగిల్చిన సేద్యము వంటిదే యిది. అంతే కాదు; ఈ.కోలై తన గుణమును షిగెల్లాకు సైతము అందింపగలదని జపాను శాస్త్రజ్ఞులు 1959లో తేల్చిరి. కావున వైరస్సు వలని విరేచనములకు నేడు వృథాగా మ్రింగించిన మాత్ర, రేపు రక్తవిరేచనములు పట్టిన బిడ్డకు మందు లేకుండ చేయవచ్చును.

మరి చేయవలసిన దేమి? విరేచనములలో ప్రాణము తీయునది ముఖ్యముగా ఒంటిలోని నీరు, లవణములు పోవుటయే. గ్లూకోజు తోడుగా నున్నపుడు ప్రేగు ఉప్పును, దానితో నీటిని పీల్చుకొనును. ఓ.ఆర్.ఎస్. పొట్లము లోని రహస్య మిదియే. 1971లో వనగావ్ శరణార్థుల శిబిరమున డాక్టరు దిలీప్ మహలనబిస్ ఇట్టి ద్రావణముతోనే కలరా మరణములను మిక్కిలి తగ్గించెను. 20.5 గ్రాముల పొట్లమును ఒక లీటరు శుభ్రమైన నీటిలో పూర్తిగా కలిపి, కొంచెము కొంచెముగా త్రాగింపవలెను. తల్లిపాలు మానరాదు. వైద్యుని సలహాపై జింకు మాత్ర లీయవలెను. నెత్తురు కనిపించినను, కన్నులు లోతుకు పోయినను, బిడ్డ మగతగా నున్నను, మూత్రము తగ్గినను, ఏమియు త్రాగలేకున్నను, తడవు చేయక ఆసుపత్రికి కొనిపోవలెను.

విద్యార్థులారా! మీరు చేయదగిన పనియు గలదు. భోజనమునకు ముందు సబ్బుతో చేతులు కడుగుకొనుడు. ఇంట మిగిలిన మాత్రలను పొరుగు బిడ్డ కీయనీయకుడు. చదువురాని తల్లి యెవరైన నున్నచో, పొట్లముపై వ్రాతను చదివి వినిపింపుడు. మీ చదువు ఒక బిడ్డ ప్రాణమును నిలుపవచ్చును.